మీ బొమ్మ గురించి మీరే రాయండి, మీరే అమ్ముకోండి

లేపాక్షిలో నంది విగ్రహానికి కాస్త దూరంలో ఒక ఆదివారం గుడ్డ పరిచి నాలుగు తోలు దీపాలు (తోలుబొమ్మల పద్ధతిలో తోలు మీద బొమ్మ వేసి, లోపల బల్బు పెట్టుకునేవి) పెట్టుకుని కూర్చున్నాను. బెంగళూరు నుంచి కారులో వచ్చిన ఒకాయన దీపం చేతిలోకి తీసుకుని "ఎంతమ్మా?" అన్నాడు. మూడు వేలు చెప్పాను. "ఆరు వందలకు ఇస్తావా?" అన్నాడు. నేను ఒప్పుకోకపోయేసరికి కింద పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం ఒక టీచరమ్మ వచ్చింది. ఆవిడ ముందు ధర అడగలేదు. "ఈ చిల్లులు దేనితో కొడతారు?" అని అడిగింది. మేకతోలు నానబెట్టడం, వెంట్రుకలు తీయడం, వెలుతురు ఇవతలికి కనిపించేదాకా పలుచగా గీకడం, బిగించి ఆరబెట్టడం, ఆ తర్వాత సన్నటి ఉలితో ఒక్కో చిల్లూ కొట్టడం, అంతా పావుగంట సేపు చెప్పాను. ఆవిడ మూడు వేలు ఇచ్చి తీసుకుపోయింది.

దీపం అదే, ధరా అదే. మొదటాయనకు దాని గురించి ఎవరూ చెప్పలేదు, అంతే తేడా. ఎక్కడో పుణెలోనో హైదరాబాదులోనో ఉన్న మనిషికి కూడా ఆ పావుగంట మాట వినిపించాలంటే ఏం చేయాలని ఆలోచించి బ్లాగు, అంటే ఇంటర్నెట్‌లో నా రాతలు, ఫోటోలు పెట్టుకునే సొంత చోటు, మొదలుపెట్టాను. నేను ఉండేది అనంతపురంలో. కాన్వాసు మీద బొమ్మలు వేస్తాను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలు పని నేర్చుకుని దీపాలు చేస్తాను. నాలాగే ఇంట్లో కూర్చుని బొమ్మలు వేసేవాళ్లకు, ఆళ్లగడ్డలో రాయి చెక్కేవాళ్లకు, కడపలో కుండల మీద రంగులు అద్దేవాళ్లకు పనికొస్తుందని నేను చేసి తెలుసుకున్నదంతా వరసగా చెబుతున్నాను.

ఇన్‌స్టాగ్రామ్ ఉంది కదా, బ్లాగు ఎందుకు?

అందరూ మొదట అడిగేది ఇదే. ఇన్‌స్టాగ్రామ్ ఉండాలి, నాకూ ఉంది. కానీ అక్కడ పెట్టిన ఫోటో రెండు రోజుల్లో కిందికి జారిపోతుంది. ఆరు నెలల తర్వాత దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉండరు. బ్లాగులో రాసింది అలా కాదు. గూగుల్‌లో ఎవరైనా "తోలుబొమ్మ దీపం" అని వెతికితే రెండేళ్ల కిందట రాసిన పేజీ కూడా దొరుకుతుంది. పైగా బ్లాగు మీ సొంత గూడు. అక్కడ మీ బొమ్మ పక్కన ఇంకొకరి బొమ్మ, నడుమ ఒక సబ్బు ప్రకటన ఉండవు. నా పద్ధతి ఏమిటంటే, అసలు రాత బ్లాగులో ఉంటుంది, మిగతా చోట్ల దాని లింకు పెడతాను.

మొదటి అడుగు: ఏం అమ్ముతారో ఒక్క వాక్యంలో రాసుకోండి

"నేను ఆర్ట్ చేస్తాను" అంటే కొనేవాళ్లకు ఏమీ అర్థం కాదు. "మేకతోలుతో చేతిపని దీపాలు, లేపాక్షి గుడి అంచుల డిజైన్లతో" అంటే అర్థమవుతుంది. "ఆళ్లగడ్డ రాతి శిల్పాలు, ఇంటి తోటకు సరిపడే సైజులో" అంటే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ వాక్యమే మీ బ్లాగు పైన ఉండాలి. మీరు పది రకాల పనులు చేయగలరు కావచ్చు. మొదటి ఆరు నెలలు ఒకటి రెండు రకాలకే పరిమితం కండి.

రెండో అడుగు: బ్లాగు తెరవడం

ఇది జనం అనుకున్నంత కష్టం కాదు. బ్లాగర్ అని గూగుల్ వాళ్లది ఒకటుంది, ఉచితం. జీమెయిల్ ఉంటే చాలు, అరగంటలో తెరవొచ్చు. వర్డ్‌ప్రెస్‌లో కూడా ఉచితంగా మొదలుపెట్టొచ్చు. రెంటిలో ఏదైనా ఫర్వాలేదు, ఎంచుకోవడానికి వారం రోజులు పోగొట్టుకోకండి. నాలుగు అమ్మకాలు జరిగాక సొంత పేరుతో డొమైన్, అంటే మీ బ్లాగుకు సొంత వెబ్ చిరునామా, కొనుక్కోండి. చివర 'డాట్ ఇన్' వచ్చే పేర్లు సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. ఇంకొకరి చేత సైటు చేయించుకుంటే మాత్రం డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తోనే కొనమని చెప్పండి. నాకు తెలిసిన ఒక చిత్రకారుడికి సైటు చేసిపెట్టిన మనిషి ఫోన్ ఎత్తడం మానేశాక, నాలుగేళ్లుగా వాడుకున్న పేరు మళ్లీ ఆ చిత్రకారుడి చేతికి రాలేదు.

మూడు పేజీలు తప్పకుండా ఉండాలి. ఒకటి మీ గురించి: మీ ఊరు, ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, పని చేస్తుండగా తీసిన ఒక ఫోటో. రెండోది ఎలా కొనాలి అన్న పేజీ: డబ్బు ఎలా పంపాలి, ఎన్ని రోజుల్లో వస్తుంది, పగిలితే ఏం చేస్తారు. మూడోది మిమ్మల్ని చేరే దారి. వాట్సాప్ నంబరు ఇస్తారు కాబట్టి, ఇంట్లో వాడే నంబరు కాకుండా దీనికోసం వేరే సిమ్ తీసుకోవడం మంచిది. ఆడవాళ్లకు ఈ మాట మరీ మరీ చెబుతాను.

ఏ భాషలో రాయాలి? రెండింటిలోనూ. తెలుగులో రాసింది మన ప్రాంతం నుంచి బయటికి వెళ్లి స్థిరపడ్డవాళ్లను పట్టుకుంటుంది. వాళ్లు ఊరి మీది ప్రేమతో కొంటారు. ఇంగ్లీషులో రాసింది మిగతావాళ్లకు. ఇంగ్లీషు రాదని ఆగిపోకండి. కింద నాలుగు చిన్న వాక్యాలు ఉంటే చాలు: ఏమిటిది, ఎంత సైజు, దేనితో చేశారు, ధరెంత. ఇక తెలుగు టైప్ చేయడం రాదంటారా, ఫోన్‌లో గూగుల్ కీబోర్డు పెట్టుకుని మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడండి. అదే టైప్ చేస్తుంది. తప్పులు వస్తాయి, దిద్దుకోవాలి. నిమ్మలకుంటలో ఒక పెద్దాయన బడికి పోలేదు. ఆయన చెబుతుంటే మనవడు ఫోన్ పట్టుకుంటాడు. ఆ మాటలు నా రాతకంటే బాగుంటాయి.

మూడో అడుగు: ఫోటోలు

మన పనికి అన్యాయం జరిగేది ఎక్కువగా ఇక్కడే. మూడు రోజులు కూర్చుని చేసిన బొమ్మను రాత్రి ట్యూబ్‌లైట్ కింద, మంచం మీది దుప్పటి కనిపించేలా, అర నిమిషంలో ఫోటో తీసి పెడతాం. చూసేవాళ్లకు ఆ దుప్పటే కనిపిస్తుంది.

మంచి కెమెరా అక్కర్లేదు, ఫోనే చాలు. కావలసింది వెలుతురు. ఉదయం తొమ్మిది లోపు, లేదా సాయంత్రం నాలుగు తర్వాత, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పెట్టి తీయండి. మన జిల్లాల్లో మధ్యాహ్నం ఎండ మరీ తీక్షణం. రంగులు పాలిపోయినట్టు పడతాయి, నీడలు నల్లగా వస్తాయి. వెనక తెల్లటి పంచె గానీ, సున్నం వేసిన గోడ గానీ ఉండాలి. ఫ్లాష్ వాడొద్దు.

ఇక తోలు పని చేసేవాళ్లకు ప్రత్యేకంగా. నేను మొదటి ఏడాది చేసిన పెద్ద తప్పు దీపాన్ని వెలిగించకుండా ఫోటో తీయడం. తోలుబొమ్మ పుట్టిందే తెల్లటి తెర వెనక దీపం వెలుగులో చూడడానికి. ముందు నుంచి వెలుతురు పడితే అది రంగు వేసిన తోలు ముక్క. వెనక నుంచి పడితే ఎరుపు ఎర్రగా వెలుగుతుంది, చిల్లులన్నీ నగల్లా మెరుస్తాయి. నాకు పని నేర్పిన పెద్దమ్మ "దీపం వెనకాల పెడితేనే బొమ్మకు ప్రాణం వచ్చేది" అనేది. అందుకని ప్రతి దీపానికీ కనీసం నాలుగు ఫోటోలు పెట్టండి: వెలగనప్పటిది ఒకటి, చీకటి గదిలో వెలిగించి ఒకటి, చిల్లుల పని దగ్గరగా ఒకటి, పక్కన మనిషో కుర్చీయో ఉండేలా ఒకటి. ఆ నాలుగోది ఎందుకంటే, 'పద్నాలుగు అంగుళాలు' అని రాస్తే చాలామందికి కళ్లకు కట్టదు. పక్కన స్టూలు ఉంటే కడుతుంది. చీకట్లో తీసేటప్పుడు ఫోన్ తెర మీద దీపం దగ్గర వేలితో నొక్కి, వెలుతురు కొంచెం తగ్గించండి. లేకపోతే బొమ్మ అంతా తెల్లగా మాడిపోతుంది.

కాన్వాసు వేసేవాళ్లు బొమ్మకు సరిగ్గా ఎదురుగా నిలబడి తీయాలి, పక్క నుంచి తీస్తే నాలుగు మూలలూ వంకరగా వస్తాయి. రాయి చెక్కేవాళ్లయితే వెలుతురు ఒక పక్క నుంచే పడనివ్వాలి. ఎదురుగా వెలుతురు పడితే చెక్కడం లోతు తెలియదు.

ఏదన్నా మచ్చ ఉందా? దాన్ని కూడా ఫోటో తీసి పెట్టండి. తోలులో సహజంగా ఒక గీత ఉంటుంది, ఒక చోట రంగు కొంచెం మందంగా ఉంటుంది. ముందే చూపిస్తే అది చేతిపని గుర్తు అవుతుంది. పెట్టె తెరిచాక వాళ్లకే కనిపిస్తే మోసం అనుకుంటారు.

నాలుగో అడుగు: రాయడం

అన్నిటికంటే దీని మీదే ఎక్కువ సమయం పెట్టండి. ఒక్కో బొమ్మకు ఒక్కో పోస్టు రాయాలి. పది బొమ్మలు ఒకే పోస్టులో గుచ్చితే ఎవరూ దేన్నీ చదవరు.

ఏం రాయాలో తోచకపోతే మిమ్మల్ని మీరే మూడు ప్రశ్నలు అడగండి. ఈ బొమ్మలో ఉన్నది ఎవరు? చేసేటప్పుడు ఎక్కడ చేయి ఆగింది? కొన్నవాళ్లు దీన్ని ఎలా చూసుకోవాలి? ఈ మూడింటికీ జవాబు రాస్తే పోస్టు అయిపోతుంది. నా బ్లాగులో ఎక్కువమంది చదివిన వాటిలో ఒకటి ఇది:

"బంగారక్క దీపం. ఎత్తు 14 అంగుళాలు, వెడల్పు 8. తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు ఉన్నట్టే కేతిగాడు, బంగారక్క కూడా ఉంటారు. రాత్రంతా సాగే ఆటలో జనం కునికిపాట్లు పడే వేళకు వీళ్లిద్దరూ తెర మీదికి వచ్చి పోట్లాడుకుని నవ్విస్తారు. దేవుళ్ల దీపాలు అందరూ అడుగుతారు, బంగారక్కను ఎవరూ అడగరు. అందుకే చేశాను. ఆమె చీర అంచు లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో చూసిన అంచు. జడ దగ్గర చిల్లులు మరీ దగ్గరగా పడి తోలు చిరిగేలా ఉంటే ఒక పూట పని ఆపేశాను. రంగులు రెండు వైపులా వేశాను. లోపల ఎల్ఈడీ బల్బే పెట్టండి, పాత బల్బు వేడికి తోలు ముడుచుకుంటుంది. ధర 3,150 రూపాయలు, పోస్టు ఖర్చు వేరు."

ఇందులో 'అద్భుతమైన', 'అపురూపమైన' అన్న మాటలు లేవు. మీరూ వాడకండి. మీ బొమ్మ అద్భుతమని చూసేవాళ్లు అనాలి. మీకు మాత్రమే తెలిసిన సంగతి చెప్పండి. చేయి ఎక్కడ ఆగిందో చెప్పిన వాక్యానికే నాకు ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. మనిషి చేత్తో చేసిందని అక్కడ నమ్మకం కుదురుతుంది.

అమ్మకానికి పెట్టని పోస్టులు కూడా రాయాలి. నాలుగింటిలో ఒకటి అలాంటిది ఉంటే బాగుంటుంది. మన దగ్గర రాయడానికి తక్కువేం లేదు. లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద విజయనగర కాలపు రంగుల బొమ్మలున్నాయి, వాటిలోని చీరల అంచుల మీద మాత్రమే పది పోస్టులు రాయొచ్చు. తాడిపత్రి గుళ్ల గోపురాల రాతిపని ఉంది. కడప జిల్లా చింతకుంట దగ్గర, కర్నూలు వైపు కేతవరం దగ్గర ఆదిమానవులు బండల మీద వేసిన బొమ్మలున్నాయి. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ వార్త వచ్చాక ఈ కళ గురించి వెతికేవాళ్లు పెరిగారు. వాళ్లు వెతికినప్పుడు మన ఊరివాళ్లే రాసిన మాట దొరకాలని నా కోరిక.

ఒక్క జాగ్రత్త. గుడి గురించి గానీ, కళ చరిత్ర గురించి గానీ ఖచ్చితంగా తెలిసిందే రాయండి. 'వెయ్యేళ్ల కళ' అని ఊరికే రాయడం, ఎవరో చెప్పిన కథను చరిత్రగా రాయడం వద్దు. చదివేవాళ్లలో తెలిసినవాళ్లు ఉంటారు. ఒక్క అబద్ధం దొరికితే మీ తోలు కూడా నిజమైన తోలేనా అని అనుమానం వస్తుంది. అలాగే మీరు ఒక కుటుంబం దగ్గర పని నేర్చుకుని ఉంటే ఆ మాట చెప్పండి. తరతరాలుగా చేస్తున్నవాళ్ల పనిని మన పేరు మీద వేసుకోకూడదు.

ఎన్నాళ్లకోసారి రాయాలంటే, వారానికి ఒకటి చాలు. అది కుదరకపోతే రెండు వారాలకొకటి. రోజుకొకటి రాస్తానని మొదలుపెట్టి పది రోజులకు ఆపేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఐదో అడుగు: ధర కట్టడం, బయటపెట్టడం

ధర రాయకుండా "వివరాలకు మెసేజ్ చేయండి" అని పెట్టే అలవాటు మానేయండి. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ధర రాస్తే బేరం కూడా తగ్గుతుంది.

ఎంత అన్నది ఇలా లెక్కేసుకోండి. పైన చెప్పిన దీపానికి తోలు, రంగులు 450. ఫ్రేము, వైరు, హోల్డరు 250. మూడు రోజుల పని, రోజుకు 600 చొప్పున 1,800. పెట్టె, ప్యాకింగ్ 120. మొత్తం 2,620. దీని మీద ఇరవై శాతం, అంటే సుమారు 525 వేసుకున్నాను. ఫోటోలు తీయడం, రాయడం, దారిలో పాడైపోయేవి, చిరిగిపోయిన తోళ్లు, ఇవన్నీ అందులోంచే. అలా 3,150 అయింది. మీ లెక్క వేరుగా ఉంటుంది, కానీ మీ కూలి మీరు వేసుకోవడం మరిచిపోకండి. ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసిందే కదా అని ఆడవాళ్లు కూలి వేసుకోరు. ఆ గంటలు కూడా గంటలే.

దుకాణాలకు, ఎగ్జిబిషన్లకు ఇచ్చేటప్పుడు వాళ్ల కమీషన్ ఉంటుంది. బ్లాగులో ఆ కమీషన్ లేదు కదా అని తక్కువకు అమ్మకండి. దుకాణం ధర, బ్లాగు ధర ఒకటే ఉండాలి. తేడా ఉంటే దుకాణం వాళ్లు మళ్లీ మీ సరుకు తీసుకోరు.

అడిగి చేయించుకునే ఆర్డర్లకు సగం డబ్బు ముందే తీసుకోండి. ఏ బొమ్మ, ఏ సైజు, ఎన్ని రోజులు, మార్పులు ఎన్నిసార్లు అన్నది వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉండాలి. "మా అమ్మాయి పెళ్లికి ఇరవై దీపాలు" అని ఒకరు ఫోన్‌లో చెప్పారు. ఆ మాట నమ్మి తోళ్లు కొన్నాను. పెళ్లి అయిపోయింది, దీపాలు నా దగ్గరే ఉండిపోయాయి. అప్పటి నుంచి అడ్వాన్సు లేకుండా ఉలి ముట్టను.

ఆరో అడుగు: డబ్బు తీసుకోవడం

మన దేశంలో కొనేవాళ్లకు యూపీఐ చాలు. బ్లాగులో "ఎలా కొనాలి" పేజీలో అడిగే పద్ధతి రాయండి: ముందు మెసేజ్ చేస్తారు, బొమ్మ ఉందని మీరు చెబుతారు, డబ్బు పంపుతారు, రెండు రోజుల్లో మీరు పార్శిల్ చేస్తారు. ఒకే బొమ్మకు ఇద్దరు డబ్బు పంపే టెన్షన్ దీంతో ఉండదు.

మోసాల గురించి గట్టిగా చెబుతున్నాను. కళాకారులను వెతుక్కుంటూ వచ్చే మోసగాళ్లు ఉన్నారు. బేరం ఆడకుండా ఐదు బొమ్మలు ఒకేసారి కొంటానంటారు. తాము సైన్యంలో పనిచేస్తున్నామని ఐడీ కార్డు ఫోటో కూడా పంపుతారు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొడితే మీ డబ్బే పోతుంది. ఇంకో రకం, పొరపాటున ఎక్కువ పంపామని, మిగిలింది తిరిగి పంపమని అడుగుతారు. వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ నమ్మకుండా మీ బ్యాంకు ఖాతాలోనే చూసుకోండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

ఏడో అడుగు: ప్యాకింగ్, పంపడం

రోల్ చేసిన నా మొదటి పెయింటింగ్ ఒకటి దారిలో తడిసి, రంగులు ఒకదానికొకటి అంటుకుని చేరింది. కొన్నావిడ కోప్పడలేదు, ఫోటో పంపి "ఏం చేద్దాం?" అని అడిగింది. నేను మళ్లీ వేసి పంపాను. తప్పు నాది, ప్లాస్టిక్ చుట్టలేదు. వానాకాలం మన ఊళ్లో లేకపోయినా ముంబైలో ఉంటుంది కదా.

కాన్వాసు అయితే రంగు ఉన్న వైపు బయటికి వచ్చేలా చుట్టి, మధ్యలో బటర్ పేపర్ పెట్టి, పైన ప్లాస్టిక్, ఆ పైన గట్టి పైపు. గుడ్డల దుకాణాల్లో బట్ట చుట్టే అట్ట గొట్టాలు అడిగితే ఇస్తారు. తోలు వస్తువు మడత పెట్టకూడదు. చదునుగా రెండు అట్టల మధ్య పెట్టాలి, దీపం అయితే పెట్టెలో కదలకుండా కాగితం ఉండలు కూరాలి. పెట్టె మూసి ఊపి చూడండి. లోపల చప్పుడు వస్తే మళ్లీ తెరిచి సర్దండి.

పోస్టాఫీసు స్పీడ్ పోస్టు నాకు నచ్చింది, చిన్న ఊళ్లకు కూడా వెళ్తుంది, ట్రాకింగ్ నంబరు ఇస్తారు. విలువైన వస్తువైతే ఇన్సూరెన్స్ చేయమని కౌంటర్లో అడగండి. రాతి విగ్రహాలు మాత్రం చెక్క పెట్టెలో కట్టి లారీ ట్రాన్స్‌పోర్టులో వేయాల్సిందే. ప్యాకింగ్ చేస్తుండగా ఒక చిన్న వీడియో తీసుకోండి, ఏదైనా పగిలిందని మాట వచ్చినప్పుడు ఇద్దరికీ ఆధారంగా ఉంటుంది.

తోలు దీపంతో పాటు ఒక చీటీ పెడతాను. మన అనంతపురం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తోలు ఏళ్ల తరబడి నిలుస్తుంది. మంగళూరులోనో విశాఖలోనో తేమకు బూజు పడుతుంది. అందుకని తడి గోడకు తగిలించవద్దని, వానాకాలంలో వారానికోసారి పొడి గుడ్డతో తుడవమని, కాసేపు దీపం వెలిగించి ఉంచమని ఆ చీటీలో రాస్తాను. అదే సంగతి బ్లాగులో ఒక పోస్టుగా కూడా ఉంది. తోలుబొమ్మలు కొనుక్కుని ఎలా దాచుకోవాలో తెలియక వెతుకుతున్నవాళ్లు ఆ పోస్టు ద్వారా వచ్చి, చివరికి నా దగ్గర కూడా కొన్నారు.

ఎనిమిదో అడుగు: జనం మీ బ్లాగు దాకా రావడం

పోస్టు పేరు జనం వెతికే మాటలతో ఉండాలి. 'వెలుగు నీడల వేళ' అంటే కవిత్వంగా ఉంటుంది, కానీ ఎవరూ ఆ మాటతో వెతకరు. 'బంగారక్క తోలుబొమ్మ దీపం, 14 అంగుళాలు' అంటే దొరుకుతుంది. చాలామంది తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో వెతుకుతారు, కాబట్టి పోస్టులో ఒకచోట అలా కూడా రాయండి. ఫోటో ఫైలుకు కెమెరా ఇచ్చిన నంబరు వదిలేయకుండా బొమ్మ పేరు పెట్టండి. ఆల్ట్ టెక్స్ట్ అని అడిగే చోట బొమ్మలో ఏముందో ఒక వాక్యం రాయండి, చూపు లేనివాళ్లకు ఫోన్ దాన్ని చదివి వినిపిస్తుంది, గూగుల్‌కూ అర్థమవుతుంది.

నాకు బాగా కలిసొచ్చింది మాత్రం ఒక చిన్న స్టిక్కరు. అమ్మిన ప్రతి బొమ్మ వెనకా ఆ బొమ్మ పోస్టు తెరుచుకునే క్యూఆర్ కోడ్ అంటిస్తాను. ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు "ఎక్కడ కొన్నారు?" అని అడిగితే ఫోన్ పెట్టి చూస్తారు. లేపాక్షిలో గుడ్డ పరిచినప్పుడు కూడా ఒక అట్ట మీద అదే కోడ్ పెడతాను. ఆ రోజు కొననివాళ్లు ఇంటికి వెళ్లి చదివి, నెల తర్వాత మెసేజ్ చేస్తారు.

వాట్సాప్ బిజినెస్ యాప్ కూడా ఉచితమే, అందులో మీ బొమ్మల కేటలాగ్ పెట్టొచ్చు. కొన్నవాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్లకు మాత్రమే కొత్త పోస్టు లింకు పంపండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపే పద్ధతి) పంపింది మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, ఆ సంగతి వాళ్లకు చెప్పాలి. గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపొద్దు.

కాగితాల పని, క్లుప్తంగా

మీరు సొంతంగా వేసిన బొమ్మకు కాపీరైటు దానంతట అదే మీకు ఉంటుంది. బొమ్మ అమ్మినా కాపీరైటు మీదే, రాసి ఇస్తే తప్ప. కాబట్టి ఎవరైనా మీ డిజైన్‌ను చీరల మీదో క్యాలెండర్ల మీదో అచ్చు వేసుకుంటామంటే దానికి వేరే ఒప్పందం, వేరే డబ్బు. బ్లాగులో ఫోటోలు అచ్చుకు పనికిరానంత చిన్న సైజులో పెట్టండి.

చేతిపనులు వేరే రాష్ట్రాలకు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాలు 20 లక్షల లోపు ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. దానికి పాన్ కార్డు, ఈ-వే బిల్లు (సరుకు పంపేటప్పుడు ఆన్‌లైన్‌లో తీసుకునే రవాణా కాగితం) వంటి షరతులున్నాయి. దగ్గర్లోని అకౌంటెంట్‌తో ఒకసారి మాట్లాడి మీ వస్తువు ఆ జాబితాలోకి వస్తుందో లేదో చూసుకోండి. కేంద్ర జౌళి శాఖ కింది హస్తకళల విభాగం చేతిపనివాళ్లకు ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు తీసుకుంటే మేళాల్లో స్టాల్ అడిగేటప్పుడు ఉపయోగపడుతుంది.

అమ్మాక ఏం చేయాలి

బొమ్మ అమ్ముడైంది కదా అని పోస్టు తీసేయకండి. నేను మొదట్లో తీసేసేదాన్ని. తర్వాత అర్థమైంది, గూగుల్ ఎక్కువగా జనాన్ని పంపేది ఆ పాత పోస్టులకే. ఇప్పుడు పైన 'అమ్ముడైంది' అని రాసి, కింద "ఇలాంటిది కావాలంటే చెప్పండి, పదిహేను రోజుల్లో చేసిస్తాను" అని పెడతాను. బంగారక్క దీపం అలాగే అమ్ముడైంది. ఆ పోస్టు చూసి ఇప్పటికి పదకొండు మంది అడిగి చేయించుకున్నారు.

పార్శిల్ చేరిన వారానికి కొన్నవాళ్లను ఒక ఫోటో అడగండి, వాళ్లింట్లో బొమ్మ ఎక్కడ పెట్టారో చూపించమని. మనుషులు, ఇంటి చిరునామా కనిపించకుండా చూసుకుని, వాళ్ల అనుమతితో అదే పోస్టు కింద చేర్చండి. మొదటి బంగారక్కను కొన్నావిడ దాన్ని వంటింటి కిటికీలో పెట్టుకుంది. ఫోటోలో వెనక కుక్కర్ కనిపిస్తుంది. ఆ ఫోటో చూసి మరొకావిడ, "నాక్కూడా వంటింట్లోకే కావాలి, కొంచెం చిన్నది చేస్తావా అక్కా?" అని మెసేజ్ పెట్టింది. ఆ చిన్నది నిన్ననే పార్శిల్ చేశాను.